ముగియని మూడో పీరియడు

"మా పాఠశాలలో మూడో పీరియడు విజయవంతంగా తొమ్మిదో రోజులోకి ప్రవేశించినట్లు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము."

ఈ వాక్యం నాది కాదు. హెడ్మాస్టరు గారు నోటీసు బోర్డుకు అతికించిన ప్రకటనలోది. కింద ఆయన సంతకం, ముద్ర ఉన్నాయి. దాని కింద చదివినట్లు మా పద్నాలుగు మంది పొడి సంతకాలు ఉన్నాయి. నాది ఏడోది.

పీరియడు అంటే నలభై నిమిషాలని బయట ఒక అభిప్రాయం ఉంది. అది చేత్తో గంట కొట్టే వెనకబడ్డ బడులకు వర్తిస్తుంది. రెండేళ్ల కిందటి వరకు మాదీ అలాంటి బడే. వరండా చివర కొక్కేనికి మూరెడు రైలు పట్టా ముక్క వేలాడేది. దాన్ని కొట్టడానికి ఒక ఇనుప కడ్డీ, కడ్డీ పట్టుకోవడానికి మా అటెండరు ఉండేవారు. ఆయన అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన గంటన్న.

తర్వాత పై ఆఫీసు నుంచి గంట కొట్టే యాప్ వచ్చింది. ఆఫీసు గదిలో కంప్యూటరు, గదిగదికీ స్పీకరు. ప్రారంభోత్సవం నాడు హెడ్మాస్టరు గారు ఇలా ప్రసంగించారు: "ఇంతకాలం మన కాలాన్ని ఒక మనిషి చేతిలో పెట్టాం. మనిషికి జ్వరం వస్తుంది, చుట్టాలొస్తారు, మరుపొస్తుంది. కంప్యూటరుకు ఏదీ రాదు." అందరం చప్పట్లు కొట్టాం. గంటన్న కూడా కొట్టాడు. ఆ రోజు నుంచి ఆయన హోదా స్పీకరు పర్యవేక్షణ సహాయకుడు. స్పీకరు మోగినప్పుడు మోగిందని గమనించడం ఆయన విధి. రైలు పట్టా ముక్కకు కూడా అన్యాయం జరగలేదు. కంప్యూటరు బల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద పెట్టారు.

యాప్ మోగించిన ప్రతి గంటా వెంటనే పై ఆఫీసులో నమోదవుతుంది. అందువల్ల ఒక ఉత్తర్వు వచ్చింది: యాప్ గంట మోగితేనే పీరియడు ముగిసినట్లు, అంతకుముందు గది వదిలిన ఉపాధ్యాయుడు విధులకు గైర్హాజరైనట్లు. ఈ ఉత్తర్వును పాఠకులు గుర్తుంచుకోగలరు. మేము ఒక్క క్షణం కూడా మరవలేదు.

యాప్‌ను స్టోరు నుంచి తెచ్చుకోవాలంటే ఒక ఖాతా ఉండాలి. ఖాతాకు ఒక పేరు కావాలి, పేరుకు ఒక ఫోను నెంబరు కావాలి. హెడ్మాస్టరు గారు వినయస్వభావులు. రేపు ఏదైనా తేడా వస్తే విచారణకు అవసరమయ్యే చోట ఆయన తన పేరు ఎప్పుడూ పెట్టుకోరు. అప్పుడు అందరి చూపూ లెక్కల టీచరు మీద పడింది. ఆమె ఒకసారి ప్రింటరు మూత తెరిచి ఇరుక్కున్న కాగితం లాగింది. ఆనాటి నుంచి మా బడిలో ఆమెను కంప్యూటరు నిపుణురాలిగా గుర్తించారు.

లెక్కల టీచరు మా అక్క. నేను అదే బడిలో చరిత్ర చెబుతాను. ఇద్దరిదీ ఒకే ఇల్లు.

యాప్‌తో పాటు వచ్చిన గొంతు "పీరియడు నెంబరు మూడు సమాప్తం" అనేది. పిల్లలు ముక్కు మూసుకుని అదే మాట అంటూ వరండాల్లో తిరిగేవారు. అక్క రెండు రోజులు భరించింది. మూడో రోజు ఆఫీసు గది తలుపు వేసుకుని తన గొంతుతో ఎనిమిది వాక్యాలు రికార్డు చేసి యాప్‌లో పెట్టింది. మొదటి గంటకు: "మొదటి పీరియడు అయింది. నీళ్లు తాగినవాళ్లు కుళాయి కట్టేయండి." మూడో గంటకు: "మూడో పీరియడు అయింది. మెట్ల మీద తోసుకోకండి." చివరి గంటకు: "బడి అయింది. బల్ల కింద ఏం మరిచిపోయారో ఒకసారి వంగి చూసుకోండి."

"ఎందుకక్కా అంత కోపంగా చెప్పావు?" అని అడిగాను.

"కోపమేంట్రా తమ్ముడూ, స్పీకరు గొంతే అంత. నా గొంతుకి కోపం ఎక్కడుంది?"

గడిచిన సెలవుల్లో, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి, అక్క చనిపోయింది.

సెలవుల తర్వాత బడిలో సంతాప సభ జరిగింది. హెడ్మాస్టరు గారు మాట్లాడారు. ఆమె లేని లోటు పూడ్చలేనిదన్నారు. ఈ మాటను పై ఆఫీసు ఎంత అక్షరాలా తీసుకుంటుందో అప్పటికి ఎవరికీ తెలియదు. తర్వాత రెండు నిమిషాలు మౌనం పాటించాం. నిమిషాలు ఎవరు లెక్క పెట్టాలో ముందు అనుకోలేదు కాబట్టి మౌనం కొంచెం సాగింది. ఇంతలో స్పీకరు "మూడో పీరియడు అయింది. మెట్ల మీద తోసుకోకండి" అంది. అందరం మెట్ల మీద తోసుకోకుండా దిగి ఎవరి గదికి వాళ్లం వెళ్లాం.

ఉద్యోగి మరణాన్ని పై ఆఫీసుకు తెలియజేయడానికి ఒక సులభమైన ఫారం ఉంది. చనిపోయిన ఉద్యోగి తన ఖాతాతో లాగిన్ అయి, తన మరణ ధ్రువపత్రాన్ని తానే జతపరచి, "పై వివరాలు నాకు తెలిసినంతవరకు సత్యము" అన్నచోట నొక్కాలి. గుమాస్తా ఈ సంగతి నాకు చాలా మర్యాదగా చెప్పాడు. "తొందరేం లేదండీ, వీలు చూసుకుని" అని కూడా అన్నాడు.

ఆ తర్వాత నెలపాటు ఏ ఇబ్బందీ రాలేదు. రోజుకు ఎనిమిదిసార్లు అక్క మాట్లాడేది. మేమంతా ఆమె చెప్పినట్లు నడుచుకునేవాళ్లం. బతికుండగా ఇంత శ్రద్ధగా విన్నామని చెప్పలేను.

కంప్యూటరుకు ఏదీ రాదన్నారు కదా. దానికి అప్‌డేట్ వచ్చింది.

ఒక రోజు మూడో పీరియడు మధ్యలో తెర మీద ఒక పెట్టె తెరుచుకుని "ఇప్పుడా? తర్వాతా?" అని అడిగింది. మా గుమాస్తాకు ఏది అడిగినా వెంటనే ఒప్పుకునే అలవాటు ఉంది; ప్రమోషనుకు అది బాగా తోడ్పడింది. "ఇప్పుడే" అని నొక్కాడు. కంప్యూటరు ఆరింది, వెలిగింది, మళ్లీ ఆరింది. చివరికి గంట యాప్ ఇలా చెప్పింది: "ఈ వెర్షన్ గడువు తీరినది. కొత్తదానికై స్టోరును సంప్రదించండి." స్టోరు తెరిస్తే: "ఖాతాదారు ఫోనుకు కోడ్ పంపితిమి."

ఆ ఫోను మా ఇంట్లో, అక్క బల్ల సొరుగులో ఉంది. కాని కనెక్షన్ లేదు. ఖాతాదారు మరణించారు, నెంబరు రద్దు చేయండి అని నేనే పద్ధతి ప్రకారం దరఖాస్తు రాశాను. ఆమె చనిపోయిందన్న మాటను ఏ ధ్రువపత్రమూ అడగకుండా నమ్మిన సంస్థ అదొక్కటే.

స్టోరులో సహాయమిత్ర అనే యంత్రం ఉంది. ఎవరేం రాసినా జవాబిస్తుంది.

"ఖాతాదారు మరణించారు" అని రాశాను.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. కోడ్ అందిందా అని దయచేసి ఖాతాదారును అడగండి."

"అడగడానికి వీలు లేదు."

"కంప్యూటరును ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి ప్రయత్నించారా?"

కంప్యూటరును అయితే ప్రయత్నించామని రాశాను. అది సంతృప్తి చెంది రెండో మార్గం చూపింది. ఖాతా తెరిచిన రోజు ఖాతాదారు ఎంచుకున్న రహస్య ప్రశ్న: "మీకు ఇష్టమైన అంకె ఏది?" లెక్కల టీచరుకు ఇష్టమైన అంకె. నలభై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను, ఎప్పుడూ అడగలేదు. ఏడు అని రాశాను. తొమ్మిది అని రాశాను. సున్నా అని రాశాను. భద్రతా కారణాల వల్ల ఆ ప్రశ్న మూసుకుపోయింది.

గంట మోగలేదు కాబట్టి మూడో పీరియడు ముగియలేదు. ఉత్తర్వు గుర్తుంది కాబట్టి ఎవరమూ గది వదల్లేదు. సాయంత్రం పిల్లల్ని ఇళ్లకు పంపడానికి మూత్ర విసర్జన నిమిత్తం సామూహిక అనుమతి ఇచ్చాం. మర్నాడు పొద్దున్న వాళ్లు ఆ పని ముగించుకుని తిరిగొచ్చి మూడో పీరియడులో కూర్చున్నారు. భోజన విరామం నాలుగో పీరియడు తర్వాత. అది ఇంకా రాలేదు కాబట్టి పిల్లలు క్యారేజీలు తెరవడాన్ని ప్రయోగాల కింద రాసుకున్నాం.

నాలుగైదు రోజులకే ఫలితాలు కనిపించాయి. ఆ పీరియడులో డ్రాయింగు ఉన్న ఎనిమిదో తరగతి గోడలూ బల్లలూ అయిపోయి ఒకరి చేతుల మీద ఒకరు బొమ్మలు వేసుకునే స్థాయికి ఎదిగింది. డ్రిల్లు ఉన్న ఆరో తరగతి సన్నబడింది. "ఒక్క సబ్జెక్టు మీద ఇంత శ్రద్ధ పెట్టే బడి ఇంకెక్కడుందండీ" అని ఒక తండ్రి వచ్చి హెడ్మాస్టరు గారికి నమస్కారం పెట్టి వెళ్లాడు. ఏడో తరగతికి మూడో పీరియడు లెక్కలు. వాళ్లు తొమ్మిది రోజులు ఖాళీ కుర్చీ ముందు కూర్చున్నారు. ఆ గదిలో అల్లరి జరగలేదని పర్యవేక్షణ నివేదికలో ఉంది.

"నేను కొట్టనా సార్, ఒక్కటి?" అని గంటన్న రోజూ అడిగేవాడు. ఆయన హోదాలో కొట్టడం లేదు, గమనించడమే ఉంది.

పదో రోజు హెడ్మాస్టరు గారు పరిష్కారం కనుగొన్నారు. నన్ను ఆఫీసు గదికి పిలిపించారు. సామూహిక అనుమతి మీద వెళ్లాను.

"మాస్టారూ, తేదీలు మీ సబ్జెక్టు కదా. అక్కగారు ఏ రోజు దాకా డ్యూటీలో ఉన్నారు?"

"సెలవులకు ముందు గురువారం దాకానండి."

ఆయన గుమాస్తా వైపు తిరిగారు. "కంప్యూటరులో తేదీ ఆ గురువారానికి పెట్టవయ్యా. ఆ రోజు ఆవిడ బడిలో ఉన్నారు. అనుమతి ఆవిడే ఇస్తారు."

"ఎలా ఇస్తారండీ?" అన్నాడు గుమాస్తా.

"ఉన్న మనిషి ఇవ్వకపోవడమేంటయ్యా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ గంటన్న మెల్లగా అన్నాడు. "పెట్టేదేదో ఇంకో పాతికేళ్లు వెనక్కి పెట్టండి సార్. అప్పట్లో నా మోకాళ్లు బాగుండేవి."

గుమాస్తా తేదీ మార్చాడు. స్టోరు వెంటనే "మీ కంప్యూటరు తేదీ సరికాదు" అని తలుపు మూసుకుంది. మా బడికి, నిజానికి మధ్య తేడా పసిగట్టింది అదొక్కటే. కాని గంట యాప్ తెరుచుకుంది. ఆ గురువారం నాటికి దాని గడువు తీరలేదు మరి. ఒక్క క్షణం ఆగి, బడి మొత్తం వినేలా అది పలికింది.

"మూడో పీరియడు అయింది. మెట్ల మీద తోసుకోకండి."

గదులన్నీ ఒక్కసారి కేకలేశాయి. హెడ్మాస్టరు గారు గుమాస్తాతో, గుమాస్తా గంటన్నతో చేతులు కలిపారు. నేను కుర్చీలో కూర్చున్నాను. అంతవరకు నిలబడి ఉన్నాను.

ఇది తప్పని ఆ క్షణంలో చెప్పవలసినవాణ్ని నేనే. చెప్పలేదు. ఆ ఎనిమిది వాక్యాలు తప్ప అక్క గొంతు ఇంకెక్కడా లేదు. ఫోనులో ఎక్కించుకోవచ్చు కదా అని మీరంటారు. ఎక్కించుకున్నాను. స్పీకరు గరగర, డ్రిల్లు మాస్టారి ఈల, మెట్ల మీద రెండు వందల నలభై మంది కాళ్ల చప్పుడు, వాటి అడుగున ఎవరిదైనా కాగల ఒక గొంతు వచ్చాయి. అసలు వాక్యాలు యాప్ లోపల ఉన్నాయి. యాప్ ఆ ఖాతా చేతిలో ఉంది.

అప్పటి నుంచి గుమాస్తా రోజూ పొద్దున్నే వచ్చి కంప్యూటరును సెలవులకు ముందు గురువారానికి తిప్పేవాడు. మేమంతా గురువారం టైంటేబులు ప్రకారం పాఠాలు చెప్పేవాళ్లం. హాజరు కూడా అదే కంప్యూటరులో పడుతుంది కాబట్టి ఒకే గురువారానికి ప్రతిరోజూ హాజరు కలుస్తూ వచ్చింది. తేదీ తిప్పడం మొదలైన పన్నెండో రోజుకు మా బడి హాజరు పదకొండు వందల యాభై శాతానికి చేరింది. పై ఆఫీసు అధికారి స్వయంగా వచ్చి అభినందించారు. "ఇతర పాఠశాలలు ఒక రోజులో ఒక్క రోజే పనిచేస్తున్నాయి. మీరు పన్నెండు రోజులు పనిచేస్తున్నారు. కాలాన్ని ఇంత పొదుపుగా వాడినవారిని నా సర్వీసులో చూడలేదు" అన్నారు. శాలువా లెక్కల టీచరు పేరున ఇచ్చారు. ఆ గురువారం ఆమె హాజరులో ఉంది. అధికారికంగా, వరుసగా పన్నెండు రోజులు. ఏ ఆసుపత్రీ చేయలేని పని ఒక గుమాస్తా చేశాడు.

శాలువా నాకిచ్చారు. ఇంటికి తీసుకెళ్లి అక్క కుర్చీ మీద వేశాను.

అంతకుముందు, శాలువాతో బడి నుంచి బయల్దేరుతుంటే, ఏడో తరగతి రెండు జడల అమ్మాయి మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"సార్, ఇవాళ ఏ వారం?"

"నీకు తెలీదా?"

"ఇంట్లో సోమవారం సార్. బళ్లో గురువారం."

నేను మెట్టు దిగబోయాను.

"మాకు లెక్కలెవరు చెప్తారు సార్?"

"కొత్త టీచరు కోసం పై ఆఫీసుకు రాశామమ్మా."

"టీచరు బళ్లోనే ఉన్నారు, ఖాళీ లేదు అని జవాబొచ్చిందటగా. గంటన్న చెప్పాడు." జడ కొసను వేలికి చుట్టుకుంటూ ఆగింది. "భిన్నాల దగ్గర ఆపేశారు సార్ టీచరు. గుణకారం దాకా అయింది. భాగహారం రేపు చెప్తానన్నారు." జడ వదిలేసింది. "రేపు రావట్లేదు కదా సార్ మనకి."

నేను ఇరవై రెండేళ్లుగా తేదీలు బట్టీ పెట్టిస్తున్నాను. తప్పు రాసినవాడికి మార్కు తగ్గిస్తున్నాను.

మర్నాడు చివరి గంట దాకా ఆగాను. "బడి అయింది. బల్ల కింద ఏం మరిచిపోయారో ఒకసారి వంగి చూసుకోండి" అంది అక్క. పిల్లలు వంగి చూసుకుని వెళ్లిపోయారు. ఆఫీసు గదికి వెళ్లి నేనూ వంగి చూశాను. రైలు పట్టా ముక్క ఉంది.

"తీసెయ్యనా సార్?" అన్నాడు వెనక నుంచి గంటన్న.

"వద్దులే. బల్ల ఒరిగిపోతుంది."

తెర మీద మూలనున్న తేదీ నొక్కి, సరైన తేదీ పెట్టాను. నా పేరుతో కొత్త ఖాతా తెరిచాను. కోడ్ రెండు సెకన్లలో నా జేబులోకి వచ్చింది. బతికున్నవాళ్లకు ఈ సౌకర్యం ఉంది. తర్వాత నలభై రెండు పేజీల నిబంధనలు వచ్చాయి. ఉపాధ్యాయుణ్ని కాబట్టి చదవసాగాను. పదిహేనో పేజీలో స్టోరు "మీరు ఏ పనీ చేయడం లేదు" అని నన్ను బయటికి పంపింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ పంపింది. నిబంధనలు చదివేవాడు వస్తాడని వాళ్లెవరూ అనుకున్నట్లు లేదు. చివరికి ఒక్క వాక్యం మిగిలింది: "పాత ఖాతా, అందులోని స్వరాలు శాశ్వతంగా తొలగించబడును. అంగీకరిస్తున్నారా?"

"ఇంకోసారి వింటారా సార్?" అన్నాడు గంటన్న.

"రేపు పిల్లలకు భాగహారం ఉంది" అన్నాను.

నొక్కాను. నలభై సెకన్లు పట్టింది.

మర్నాడు అసలు తేదీతో బడి మొదలైంది. "పీరియడు నెంబరు ఒకటి సమాప్తం" అంది స్పీకరు. పై ఆఫీసు రికార్డు ఆ ఖాతాకే ముడిపడి ఉంది కాబట్టి, పాత ఖాతా తొలగిపోవడంతో లెక్కల టీచరు పోస్టు దానంతటదే ఖాళీగా నమోదైంది. వారంలో కొత్త టీచరు వచ్చారు. ఆ టీచరు కంటే ముందు నాకు మెమో వచ్చింది: "అభినందనలు పొందిన ఉద్యోగిని, పూర్తి హాజరుతో విధులు నిర్వర్తిస్తుండగా, తమరు ముందస్తు అనుమతి లేకుండా మరణించినవారిగా మార్చియున్నారు. తమపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజులలో తెలుపగలరు." ఏ తేదీ నుంచి మూడు రోజులో అందులో లేదు.

రికార్డుల ప్రకారం ఆమె ఇప్పుడే చనిపోయింది కాబట్టి హెడ్మాస్టరు గారు మళ్లీ సంతాప సభ పెట్టారు. మళ్లీ అదే ప్రసంగం చేశారు. పూడ్చలేని లోటు అన్నప్పుడు కొత్త లెక్కల టీచరు తల దించుకున్నారు. మళ్లీ మౌనం పాటించాం, మళ్లీ నిమిషాలు ఎవరూ లెక్క పెట్టలేదు. "పీరియడు నెంబరు మూడు సమాప్తం" అంది స్పీకరు. ఆ గొంతు మెట్ల సంగతి ఎత్తలేదు. పిల్లలు మాత్రం ఒకరి వెనక ఒకరుగా, తోసుకోకుండా దిగారు. రెండు జడల అమ్మాయి కిందికి దిగాక వెనక్కి తిరిగి, చిన్నవాళ్లంతా దిగేదాకా నిలబడింది.

హెడ్మాస్టరు గారికి అనుమానం వచ్చింది. పాత వాక్యం ఎక్కడైనా మిగిలిపోయిందేమో చూడమని గుమాస్తాను పంపారు. ఈ వెర్షన్‌లో అలాంటి వాక్యమేదీ లేదని గుమాస్తా లిఖితపూర్వకంగా తెలిపాడు. విషయం పై ఆఫీసుకు వెళ్లింది. అక్కడి నుంచి ఉత్తర్వు వచ్చింది: "స్పీకరులో ప్రసారం కాని సూచనలను ఎవరూ పాటించరాదు."

పిల్లలు దాన్ని ధిక్కరిస్తూనే ఉన్నారు. వాళ్లపై విచారణ జరుగుతోంది. పెద్దవాళ్లం మాత్రం ఉత్తర్వుకు కట్టుబడి ఉన్నాం. మూడో పీరియడు అవగానే స్టాఫు రూము కుర్చీల కోసం మెట్ల మీద తోసుకుంటూ దిగుతున్నాం. మా బడి గోడ అవతల ఉన్నవాళ్లు ఈ ఉత్తర్వు రాకముందు నుంచే దీన్ని పాటిస్తున్నట్లు మా దృష్టికి వచ్చింది. వారికి మా అభినందనలు.